ఆకు బొమ్మ ఉంటే చాలు

ముందే చెప్పేస్తున్నానండి, నేను డాక్టర్ని కాను. టీ తోటని కేలండర్ బొమ్మలో తప్ప చూసిందీ లేదు. ముప్ఫయ్యొక్క ఏళ్లు కాలువల ఆఫీసులో గుమాస్తాగిరీ వెలగబెట్టాను. కృష్ణ నీళ్లూ గోదావరి నీళ్లూ మా ఏలూర్లో ఎక్కడ కలుస్తాయో అడగండి, చెయ్యి పట్టుకు తీసుకెళ్లి చూపిస్తాను. గ్రీన్ టీ సారం మీద సలహాలివ్వడానికి ఇంతకంటే అర్హత ఏం కావాలి?

రిటైరయ్యాక ఏం చెయ్యాలో తోచక ఫైర్ స్టేషన్ సెంటర్లో నిలబడ్డ రోజున నాకు జ్ఞానోదయం అయింది. మందుల షాపు, ఫ్యాన్సీ షాపు, కిరాణా కొట్టు, మూడింటి అద్దాల వెనకా ఒకటే ఆకు బొమ్మ. సబ్బు మీద అదే, షాంపూ మీద అదే, బిస్కెట్ ప్యాకెట్టు మీదా అదే. మన పొలాల్లో పండని ఆకు ఇంతమందికి అన్నం పెడుతుంటే నేనెందుకు ఊరుకోవాలి? పైగా 2020 డిసెంబరు సంగతి మా ఊరు ఇంకా మర్చిపోలేదు. వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోయారు. రక్తంలో సీసం, నికెల్ కనిపించాయని ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు చెప్పారు. మంచినీళ్లు తాగాలన్నా వంకాయలు కొనాలన్నా జనం వణికారు. అప్పట్నించీ "ఒంట్లో విషాలు కడిగేస్తుంది" అని ఎవరన్నా చెవి అటే పడేస్తాం. సీసాన్ని గ్రీన్ టీ కడిగేస్తుందని ఏ డాక్టరూ అనలేదు. అనలేదు కాబట్టే ఆ మాట అనే ఉద్యోగం ఖాళీగా ఉంది. అందులో చేరాను.

మొదటి చిట్కా. ఏ వస్తువు కొన్నా ముందు వైపే చూడండి. రంగు ఆకుపచ్చగా ఉందా, ఆకు మీద నీటిబొట్టు నిలిచి ఉందా, చాలు, డబ్బులిచ్చేయండి. వెనక్కి తిప్పారంటే చీమకాళ్లంత అక్షరాలు, కళ్లు పాడవడం తప్ప ఒరిగేదేం లేదు. మా మేనల్లుడు మాత్రం తిప్పుతాడు. వాడు ఫుడ్ టెక్నాలజీ చదివాడు. మా అక్కయ్యది తాడేపల్లిగూడెం, పక్కనే వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, ఆ గాలి సోకిందేమో మరి. నా ఫేస్‌వాష్ తిప్పి చూసి ఇలా అన్నాడు.

"మావయ్యా, దీన్ని లేబుల్ మీద కమేలియా సైనెన్సిస్ లీఫ్ ఎక్స్‌ట్రాక్ట్ అంటారు. ఎక్కువ పోసిన సరుకు పేరు ముందు రాస్తారు, తక్కువది తర్వాత. ఒక శాతం లోపు సరుకులైతే ఏ వరసలోనైనా రాసుకోవచ్చు. ఇదిగో, ఫీనాక్సీ ఇథనాల్. పాడవకుండా వేసేది, ఒక శాతం దాటకూడదని రూలు. నీ గ్రీన్ టీ దాని తర్వాత, సెంటు కూడా అయ్యాక ఉంది."

"అంటే?"

"అంటే పెళ్లి శుభలేఖ చివర 'బంధుమిత్రుల అభినందనలతో' అని ఉంటుంది చూడు, అందులో నువ్వూ ఉన్నట్టు."

నాకైతే తప్పేం కనిపించలేదు. శుభలేఖలో ఏ మూల ఉన్నా విస్తరి వేస్తారు కదా!

రెండోది, ఇంట్లోనే సారం తీసే పద్ధతి. పొడి కొనకండి, ఖరీదు. టీ బంకుల దగ్గర వడకట్టి పారబోసే పిప్పిని ఓ బకెట్టుడు అడిగి తెచ్చుకోండి, దణ్ణం పెట్టి మరీ ఇస్తారు. అది గ్రీన్ టీ కాదు కదా అని మీకు అనుమానం రావచ్చు. మొక్క ఒక్కటే! ఈ ఒక్క విషయంలో మేనల్లుడు కూడా నన్ను కాదనలేకపోయాడు. "మొక్క ఒక్కటేలే మావయ్యా. కోసిన ఆకుని వెంటనే ఆవిరి పట్టో, పెనం మీద వేయించో వేడి చేస్తే అందులో ఎంజైమ్ చచ్చిపోయి ఆకు పచ్చగా ఉండిపోతుంది. అదీ గ్రీన్ టీ. అలా చెయ్యకుండా నలిపి వదిలేస్తే ఆ ఎంజైమే కేటెచిన్లని మార్చేసి ఆకుని ఎర్రబరుస్తుంది. అది మనం పాలల్లో పోసుకునేది. నువ్వు తెచ్చిందేమో పొద్దుట్నించీ మరిగి మరిగి ఓపిక లేనిది. పైగా ఇందులో పాలు, పంచదార, అల్లం." మంచిదేగా, అల్లం కలిసొచ్చింది.

వాడు ఇంకో కథ కూడా చెప్పాడు. 1929లో జపాన్లో మిచియో త్సుజిమురా అనే ఆవిడ గ్రీన్ టీలోంచి కేటెచిన్ని విడదీసిందట. మూడేళ్లకి ఆ దేశంలో వ్యవసాయశాస్త్రంలో డాక్టరేటు అందుకున్న మొదటి స్త్రీ అయిందట. ఏళ్ల తరబడి అంత కష్టపడింది, పాపం. ఏలూర్లో పుట్టుంటే బంకు పిప్పితో ఒక్కపూటలో తేలేది.

ఇక సారానికి బలం పట్టించే రహస్యం: వంట సోడా. ఇది పెరట్లో పరీక్ష చేసి మరీ చెబుతున్నాను. ఓ ఆదివారం అక్కయ్య ఇంట్లో మేనల్లుడు రెండు గాజు గ్లాసులు పిట్టగోడ మీద పెట్టాడు. రెండింట్లోనూ అసలు గ్రీన్ టీ, ఒకే గిన్నెలోది, ఎండుగడ్డి నానబెట్టిన నీళ్ల రంగు. ఒకదాంట్లో చిటికెడు వంట సోడా వేశాడు. చెంచా ఆపకముందే రంగు ముదరడం మొదలెట్టింది. ముందు తేనెలా అయింది. లోపలికెళ్లి కాఫీ తాగి వచ్చేసరికి చింతపండుతో ఇత్తడి చెంబు తోమినప్పుడు కారే నీళ్లలా ఉంది. రెండో గ్లాసులో నిమ్మకాయ అరచెక్క పిండాడు. ఏలూరు నిమ్మకాయల మార్కెట్ నుంచి నేను పట్టుకెళ్లిన కాయే. ఇది ఉన్న రంగు కూడా పోగొట్టుకుని లేత కొబ్బరినీళ్లలా తేలిపోయింది.

"ఇప్పుడు చెప్పు, ఏది బలంగా ఉంది?" అన్నాడు. పిల్లకాయ ప్రశ్న. నల్లగా ఉన్నదే. కాఫీ చూడండి, కషాయం చూడండి. వాడు తల పట్టుకుని, "సోడా లాంటి క్షారం తగిలితే కేటెచిన్లు గాలితో కలిసి నాశనమైపోతాయి, ఆ రంగు వాటి చితి. పులుపు తగిలితే నిలబడతాయి" అన్నాడు. వాడు చదువుకున్నాడు సరే, నాకు కళ్లున్నాయి. వంట సోడా కలిపిన పిప్పి ముద్ద మూడు రాత్రులు మొహానికి పట్టించాను. నాలుగో పొద్దున మా ఆవిడ కాఫీ గ్లాసు ఇస్తూ, "ఏవండీ, బుగ్గలకి ఊక రుద్దారా?" అంది. కోత కోసిన మడిలో ఒట్టికాళ్లతో నడిచినట్టుంది చెయ్యి పెడితే. వారం రోజులు తుండుగుడ్డ తగిలినా మంట. చర్మం కొత్తది వస్తోందన్నాను. పాతదానికి ఏమైందని అడిగింది. ఆవిడ సున్నిపిండే రాసుకుంటుంది, పెసలూ కచ్చూరాలూ వేసి మరపట్టించింది. డబ్బా మీద ఏ బొమ్మా లేదు. అలాంటి దాన్ని జనం ఎలా నమ్ముతున్నారో.

మీ మాట ఎవరైనా కొట్టిపారేస్తే అమెరికా పేరెత్తండి. 2006లో అక్కడి ఎఫ్‌డీఏ గ్రీన్ టీ కేటెచిన్లతో చేసిన మలాముని మందుగా ఒప్పుకుంది. విడి రసాయనంగా కాక మొక్క సారంగానే డాక్టరు చీటీ మీద అమ్మేలా అక్కడ ఒప్పుకున్న మందుల్లో అదే మొట్టమొదటిది. ఇంతవరకే చెప్పి ఆపెయ్యాలి. అది మొహానికి కాదు, మర్మావయవాల దగ్గర లేచే పులిపిర్లకి అనీ, అందులో సారం 15 శాతం అనీ, రాస్తే ఎర్రబడి మండుతుందనీ చెప్పబోయారా, మీ ఫేస్‌ప్యాక్ కొనడానికి వచ్చినావిడ లేచి వెళ్లిపోతుంది. ఒకావిడ వెళ్లింది.

ఎండ సంగతి కూడా అంతే. అలబామాలో 2001లో కొందరు డాక్టర్లు గ్రీన్ టీ సారాన్ని మనుషుల చర్మం మీద పూసి, దీపంతో ఎండ కొట్టించి చూస్తే ఎర్రదనం తగ్గింది. కాబట్టి కొల్లేట్లో ఆటపాక పెలికాన్లని చూడ్డానికి మిట్టమధ్యాహ్నం వెళ్లేటప్పుడు గొడుగూ టోపీ ఇంట్లో పెట్టేయండి. పెలికాన్లకి గొడుగు ఉందా? మేనల్లుడు దీనికీ అడ్డం పడ్డాడు. ఆ సారం ఎండని ఆపదట, ఎండ తగిలాక చర్మం లోపల జరిగే నష్టాన్ని కొంత తగ్గిస్తుందట, సన్‌స్క్రీన్ పని సన్‌స్క్రీనే చెయ్యాలట. కొల్లేరు గట్టు మీద మూడు గంటలు నిలబడి వచ్చాక నా మెడ రంగు చూసి, పైన రాసిన చిట్కాలో "గొడుగు" అన్న మాట ఒక్కటీ కొట్టేసుకున్నాను. టోపీ మాట అలాగే ఉంచండి.

మూడో చిట్కా ఏదో ఉంది. గుర్తు రాగానే రాస్తాను.

తిండి దగ్గరికి వద్దాం. కప్పులో పోసుకుని ఊదుకుంటూ తాగడం పాత పద్ధతి. సారమంటే గొట్టం మాత్రలో ఉండాలి, గుప్పెడు మింగాలి, అదీ పరగడుపున. ఒకటి మంచిదైతే నాలుగు నాలుగింతలు మంచివి. ఈ లెక్క నాకు ఆఫీసులోనే వచ్చు. ఐరోపా ఆహార భద్రతా సంస్థ మాత్రం 2018లో వేరే లెక్క కట్టింది. కప్పుల్లో తాగేవాళ్లకి ఈజీసీజీ అనే ముఖ్యమైన కేటెచిన్ రోజుకి సగటున 90 నుంచి 300 మిల్లీగ్రాములు అందుతుందట. గొట్టాల రూపంలో రోజుకి 800, ఆ పైన అయితే కాలేయం దెబ్బతింటున్న గుర్తులు రక్తంలో కనిపిస్తున్నాయట. 2022లో అక్కడ చట్టమే చేశారు: గొట్టాల్లో రోజు మోతాదు 800 లోపే ఉండాలి, ఖాళీ కడుపున వేసుకోవద్దని సీసా మీద రాయాలి. ఐరోపా వాళ్ల కడుపులు సున్నితం, మనవి ఆవకాయ కడుపులు అన్నాను. ఆ మాట అన్న నెలలోనే మా పక్కింటాయన కళ్లు పచ్చబడి ఆసుపత్రిలో చేరాడు. గొట్టాల వల్లనేనా అంటే అవునని డాక్టరు అనలేదు, కాదనీ అనలేదు, సీసా చూసి పారేయమన్నాడు. ఆయన ఇప్పుడు బాగానే ఉన్నాడు, నాతో మాట్లాడ్డం లేదు అంతే. ఈ చిట్కా మీద నాకు పెద్ద పట్టుదల లేదు. వదిలేయండి. నిజంగానే వదిలేయండి.

ఆవకాయ అన్నాను కదా. నూనె కంపు కొట్టకుండా గ్రీన్ టీ సారం ఆపుతుందని ఎక్కడో విన్నాను. నిజమేనట, నూనెల్లోనూ మాంసంలోనూ వాడి చూశారట. మా ఆవిడ కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు ఏరి తెచ్చి, ముక్కలు కొట్టించి, గుడ్డతో ఒక్కో ముక్క తుడిచి, తడి తగలకుండా కలిపి జాడీకి ఎత్తింది. ఆవిడ గుడికెళ్లిన సమయంలో నేను ఓ గ్లాసుడు చిక్కటి గ్రీన్ టీ జాడీలో పోసి గరిటెతో కలియబెట్టాను. కేటెచిన్లు నీళ్లలోనే కరుగుతాయి, నూనెలో కరగవు, నూనెలో కలవాలంటే వాటిని వేరేరకంగా మార్చాలి, అని మేనల్లుడు తర్వాత చెప్పాడు. తర్వాతే చెప్పాడు. పదో రోజున మూత తీస్తే జాడీ అంచు చుట్టూ తెల్లగా, మెత్తగా, పిల్లి పొట్టలాంటి బూజు. మా ఆవిడ ఏం అనలేదు. జాడీ తీసుకొచ్చి నా మంచం పక్కన పెట్టి వెళ్లింది. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఆవిడ నన్ను తిట్టని రోజు అదొక్కటే, అన్నిట్లోకీ అదే భారంగా గడిచింది.

కడుపుతో ఉన్నవాళ్లకి నా సలహా ఏమిటంటే, అసలు సలహా అడక్కండి. మా అమ్మాయి పురుటికి వచ్చినప్పుడు నర్సమ్మ ఇచ్చిన ఐరన్ మాత్రని నేను రోజూ గ్రీన్ టీతో మింగించేవాణ్ణి, మంచికి మంచి తోడని. మా ఆవిడే కనిపెట్టింది. మిగిలిన గ్రీన్ టీ ఇనప మూకుడులో పోసి మర్చిపోయి, పొద్దున్న చూస్తే సిరా. పెడనలో కలంకారీ వాళ్లు ఇనప ముక్కలు పులియబెట్టిన నీళ్లనీ కరక్కాయనీ కలిపి నలుపు తీస్తారు, ఇదీ ఆ బాపతే. "ఇనుముని మూకుళ్లో ఇలా పట్టేస్తే కడుపులో వదులుతుందా?" అని మాత్ర వేళకీ టీ వేళకీ మధ్య రెండు గంటల ఎడం పెట్టింది. నర్సమ్మ కూడా ఆవిడ మాటే ఖాయం చేసింది. పట్టా లేని వాళ్లు ఇలా శాస్త్రంలో వేలు పెట్టడం నాకు నచ్చదు.

అసలు డబ్బంతా ప్యాకింగులో ఉంది. మొహానికి రాసేవాడు ఒక్కడు, తినేవాళ్లు నలుగురు, చేపల పెట్టెలు మాత్రం రోజుకి లారీలు లారీలు. కొల్లేటిని 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రాంసర్ చిత్తడి నేల అన్నారు, 2006లో ఆపరేషన్ కొల్లేరని చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. చేప మాత్రం ఆగలేదు. బొచ్చె, శీలావతి చేపలు కైకలూరు, ఆకివీడు, భీమవరం మీదుగా అస్సాం దాకా పోతూనే ఉన్నాయి. ఆ అస్సాం నుంచే మనకి టీ వస్తుంది. వెళ్లేటప్పుడు చేప, వచ్చేటప్పుడు టీ. రెంటినీ ఒకే పెట్టెలో ఎందుకు పెట్టకూడదు? ఈ ఆలోచన వచ్చిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పైగా సమయం కూడా నాదే అనిపించింది. 2018 జూలైలో ఫార్మలిన్ కలుస్తోందన్న భయంతో అస్సాం ప్రభుత్వం బయటి రాష్ట్రాల చేపని పదిరోజులు ఆపేసింది. మన చేప పేరే ముందు వినిపించింది. అదే పెట్టె మీద "ఫార్మలిన్ లేదు, గ్రీన్ టీ ఉంది" అని రాసి ఉంటే? ఐదు వందల స్టిక్కర్లు కొట్టించాను. ఆకు, ఆకు మీద నీటిబొట్టు, కింద నవ్వుతున్న చేప. చచ్చిన చేప నవ్వడమేమిటని ప్రెస్సువాడు అడిగాడు. వాడికి వ్యాపారం తెలియదు.

కైకలూరులో ఓ ప్యాకింగు షెడ్డుకి తెల్లవారుజామున మూడింటికి వెళ్లాను. లైట్ల కింద నేలంతా తడి. ఒకడు ఐసు దిమ్మని మిషన్లోకి తోస్తే అటునించి గరగరా పొడి దూకుతోంది. ఇద్దరు ఆడవాళ్లు ట్రేలో అడుగున ఐసు పరిచారు, చేపల్ని తలా తోకా మార్చి పేర్చారు, మళ్లీ ఐసు, మళ్లీ చేప, పైన దోసిళ్లతో ఐసు కూరి అరచేత్తో అదిమారు. వాళ్ల వేళ్లు నానిన వడియాల్లా తెల్లబారి ఉన్నాయి. నేను మేస్త్రీని పక్కకి పిలిచి ఇంత ఐసు దండగన్నాను. సగం బరువు దానిదే, ఆ చోట్లో చేప పడుతుంది, చేప మీద నా కషాయం చల్లితే చాలు, ఇది యాంటీ ఆక్సిడెంటు, అన్నాను.

"ఆయ్, చల్లండి," అన్నాడు మేస్త్రీ. "చల్లితే చల్లబడుద్దాండీ?"

"చల్లబడదు. కానీ కొవ్వు కంపు కొట్టదు."

"అస్సాం పోడానికి మూడు రోజులండి. మీ టీ చల్లి ఓ చేపని ఈ బల్ల మీద పెట్టండి. ఐసులో ఓ చేప పెడతాను. మధ్యాహ్నం భోజనాల వేళకి చూద్దారి."

భోజనాల దాకా ఆగక్కర్లేకపోయింది. పదిన్నరకే నా చేప మీద ఈగలు సభ పెట్టాయి, మొప్పలు గోధుమరంగుకి తిరిగాయి. ఐసులోది కన్ను మెరుస్తూ అలాగే ఉంది. మేనల్లుణ్ణి ఫోన్లో నిలదీస్తే తాపీగా చెప్పాడు. గ్రీన్ టీ సారం చేప పాడవడాన్ని ఆలస్యం చేస్తుందన్నది నిజమే, కాకపోతే ఐసులో పెట్టిన చేపకి. సున్నా డిగ్రీల చలువ సూక్ష్మజీవుల్ని అణిచి ఉంచితే, ఆ పైన ఇది ఇంకొన్ని రోజులు కలుపుతుంది. చలువ పని ఇది చెయ్యదు.

రొయ్య సంగతి ఇంకా తమాషా అన్నాడు. చచ్చిన రొయ్య తల నల్లబడుతుంది కదా, దానికి కారణం టీ ఆకుని ఎర్రబరిచే బాపతు ఎంజైమే. ఆకులో ఆ ఎంజైమ్‌ని చంపి మిగుల్చుకున్న సారం, రొయ్యలోకి వెళ్లి అక్కడి ఎంజైమ్‌ని పట్టుకుంటుంది. నలుపు రాకుండా వేసే మెటాబైసల్ఫైట్ బదులు దీన్ని వాడొచ్చేమోనని థాయ్‌లాండ్ వాళ్లు పరిశోధన చేశారు. అదే దేశం నుంచి 2010లో ఇంకోటి వచ్చింది. రొయ్య పొట్టు నుంచి తీసే చిటోసాన్‌లో గ్రీన్ టీ సారం కలిపి పల్చటి పొరలా ఆరబెడితే, ఆహారం చుట్టూ చుట్టుకోగల కవరైంది. రొయ్య పొట్టు! భీమవరం వైపు దాన్ని ఎత్తి పారెయ్యడానికి ఎదురు డబ్బులిస్తారు!

ఇక్కడ వాడు ఫోన్ పెట్టేశాడు, నేను ఆటో ఎక్కేశాను. రెండు బస్తాల పొట్టు, నాలుగు సీసాల వెనిగర్, మా ఆవిడ పప్పు వండే పెద్ద గిన్నె. వెనిగర్ పోయగానే పొట్టు చిటచిటలాడుతూ బుడగలు వదిలింది. సాయంత్రానికి పెళుసు పోయి తడిసిన కాగితంలా వంగింది. చిటోసాన్ వచ్చేసిందని కేక పెట్టాను. వచ్చింది వాసన. వెనిగర్ పొట్టులోని సున్నాన్నే తీసిందట. ఆ తర్వాత క్షారంతో మాంసకృత్తులు పోగొట్టాలి, మిగిలిన కైటిన్ని ఘాటైన క్షారంలో కాగబెట్టాలి, అప్పుడు అయ్యేది చిటోసాన్, అప్పుడు కరుగుతుంది వెనిగర్లో. నేను చివరి మెట్టుతో మొదలెట్టాను. మూడో రోజున వీధి చివరి ఇంటివాళ్లు ఎవరింట్లోనైనా ఏదైనా జరిగిందా అని అడుగుతూ మా గుమ్మం దాకా వచ్చారు. ఆ గిన్నెలో ఇప్పుడు తులసి మొక్క ఉంది. మొక్క బాగానే వచ్చింది.

మూడో చిట్కా గుర్తొచ్చింది. గ్రీన్ టీ మరిగించకూడదు, మరిగిన నీళ్లని దించి కాసేపు ఆరనిచ్చి ఆకు వెయ్యాలి, లేకపోతే చేదు. ఇది మా మేనల్లుడిది, పొరపాటున వచ్చి ఇందులో పడింది.

స్టిక్కర్లు ఇంకా నాలుగు వందల అరవై ఉన్నాయి. జిగురు బాగా పడుతుంది, థర్మోకోల్ మీదైనా ట్రే మీదైనా ఊడదు, తడికి ఆగుతుంది. కావాల్సినవాళ్లు పొద్దున్న ఏడు తర్వాత ఇంటికి రండి. చేపలు మీవే తెచ్చుకోవాలి. ఐసు కూడా.